జింక కొమ్ము రాలుట యేల?

జహనుమానుండి బహదూర్‌పురా వైపు కొంతదూరము పోయినచో మీరాలం చెరువు చెంత నెహ్రూ జంతుప్రదర్శనశాల కానవచ్చును. 1963లో ప్రజలకు తెరువబడిన ఈ ఉద్యానము 380 ఎకరములలో విస్తరించియున్నది. అచ్చట చుక్కల జింకలను తిలకించువారికి ఒక సందేహము పొడమును. ఒకే మందలో ఒక పోతు కొమ్ములు గట్టిపడి నిగనిగలాడుచుండును. వేరొకదాని కొమ్ములు మెత్తని నూగుతో నుండును. ఇంకొకదాని తల బోడిగా నుండును. “పాపము, దానికేమి జబ్బో!” యని జాలిపడువారును కలరు. జబ్బేమియు లేదు. అది శరీరధర్మము.

ఆవు కొమ్మునకును, జింక కొమ్మునకును భేదము కలదు. ఆవునకుగాని, కృష్ణజింక యను ఇర్రికిగాని, లోపలి ఎముకపై గోటివంటి పదార్థపు తొడుగుండును. అది జీవితాంతము నిలుచును. చుక్కల జింక, కణితి మొదలగువాని కొమ్ము అట్టిది కాదు. అది వట్టి ఎముక, శాఖలుగా చీలును, రాలిపోయి మరల మొలచును.

మొలచునప్పుడు కొమ్ముపై నూగుగల చర్మము, దానినిండ రక్తనాళములు, స్పర్శజ్ఞాననాడులు ఉండును. కొనయందు మృదులాస్థి పెరుగుచుండగా, వెనుక భాగము ఎముకగా మారుచుండును. ఇందులకు వలసిన సున్నము మేతవలన మాత్రమే చాలదు. జింక తన ప్రక్కటెముకలనుండి సయితము దానిని తీసి కొమ్మునకు సమర్పించును. ఆపై మేతతో ఆ లోటును పూరించుకొనును. వృషణములనుండి వెలువడు రసము రక్తములో హెచ్చినప్పుడు కొమ్ము గట్టిపడి, చర్మము ఎండి ఊడిపోవును. ఆ రసము తగ్గినంతనే మొదటియొద్ద ఎముక కరగి, కొమ్ము రాలును.

ఈ చక్రమునకు కాలసూచిక యేది? ఉత్తరధ్రువ ప్రాంతమున నివసించు రెయిన్‌డీరును చూడుడు. అచ్చట శీతకాలమున వారములతరబడి సూర్యుడుదయింపడు, వేసవిలో అస్తమింపడు. పగటి నిడివిని బట్టియే ఆ జంతువు జీవితము నడచును. పిల్లలు వసంతమున పుట్టి, పచ్చిక దొరకు కొద్దికాలములోనే త్వరగా పెరుగును. శీతకాలమున మేత యెంత పెట్టినను ఆకలి తగ్గి, పెరుగుదల మందగించును. కంటిలోపలి ప్రతిఫలక పొర సయితము వేసవిలో బంగారు వన్నెగాను, శీతకాలమున నీలముగాను మారునని 2013లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. జింకజాతులలో ఆడువానికి కూడ కొమ్ములుండుట దీనియందే సామాన్యము. మగవి కొమ్ములను శీతకాలారంభమున రాల్చగా, చూలు ఆడువి ఈనువరకు నిలుపుకొని, మంచు త్రవ్వి తీసిన మేతను కాపాడుకొనును.

హైదరాబాదులో దీర్ఘతమమగు పగటికిని, హ్రస్వతమమగు పగటికిని భేదము సుమారు రెండుగంటలే. మేత కొరతయు అంత కఠినము కాదు. కావుననే చుక్కల జింకలలో ప్రతి పోతును తన గడియారము ననుసరించును. వేసవిలో గట్టికొమ్ముల పోతులు హెచ్చుగా కనిపించినను, ఏ మాసమునందైనను అట్టివి కొన్ని యుండును. పిల్లలును ఏడాది పొడవున పుట్టును. ఇంగ్లండునకు కొనిపోబడిన చుక్కల జింకలు సయితము ఆ చలిదేశమున ఈ అలవాటును మానలేదు. కణితి యట్లు కాదు. దాని పోతులు చాలవరకు శీతకాలమునకు గట్టికొమ్ములతో సిద్ధమగును.

నూగుకొమ్ము దశ మిక్కిలి సున్నితమైనది. అప్పుడు దెబ్బ తగిలినచో నెత్తురు కారును, కొమ్ము వంకరపోవును. జంతువులను బెదరించుటకు కేకలు వేయువారును, రాళ్లు రువ్వువారును ఈ సంగతి గుర్తింపవలెను. బెదరిన జింక కంచెకు కొట్టుకొన్నచో, తన ఎముకలనుండి తీసి పెంచుకొన్న ఆ కొమ్మే గాయపడును.

అడవిలో రాలిన కొమ్మును ఏదుపందులును, కొన్నియెడల జింకలును కొరికి తినును. అందలి సున్నము వానికి తిరిగి చేరును. 2014లో తెలంగాణము తన రాష్ట్రజంతువుగా ఎన్నుకొన్నది ఈ జింకనే. ఈ పర్యాయము బోడితల పోతును చూచినప్పుడు జాలిపడక, కొన్ని మాసములు గడచిన పిదప మరల వచ్చి చూడుడు.