రెంటల్ కారులో టోల్ గేట్ దాటుతున్నారా? ఫాస్టాగ్ మెసేజ్ మీకు రాదు, జాగ్రత్త!

మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు, అమ్మానాన్నలని విజయవాడ తీసుకెళ్దామని వైజాగ్‌లో ఒక సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకున్నాను. మా బుచ్చయ్యపేట నుంచి అనకాపల్లి వచ్చి హైవే ఎక్కేదాకా అంతా బాగానే ఉంది. వేంపాడు టోల్ గేట్ దగ్గర గేటు లేవలేదు. ట్యాగ్‌లో బ్యాలెన్స్ లేదు. వెనక ఒకటే హారన్లు. యూపీఐతో కట్టి బయటపడ్డాను. తర్వాతి గేట్ల కోసం నేనే రీచార్జ్ చేసుకున్నాను. తీరా డిపాజిట్ వెనక్కి వచ్చాక చూస్తే, ఆ టోల్స్ అన్నీ అందులోంచి మళ్లీ కట్ చేశారు!

అసలు ఎందుకిలా జరుగుతుంది?

అద్దం మీద అంటించే ఫాస్టాగ్ ఒక ఆర్ఎఫ్ఐడీ స్టిక్కర్. అందులో బ్యాటరీ ఉండదు, డబ్బులూ ఉండవు. గేట్ మీదున్న రీడర్ దాని నంబర్ చదువుతుంది, ఆ నంబర్‌కి లింకైన ఖాతాలోంచి డబ్బు కట్ అవుతుంది. ఆ ఖాతా కారు ఓనర్‌ది కాబట్టి మెసేజ్ కూడా ఓనర్ ఫోన్‌కే వెళ్తుంది. నడిపేది మనం, లెక్క వాళ్ల దగ్గర. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

బ్యాలెన్స్ లేకపోతే ఎంత పడుతుంది?

2021 ఫిబ్రవరి నుంచి నేషనల్ హైవేల మీద ఫాస్టాగ్ తప్పనిసరి. పనిచేసే ట్యాగ్ లేకపోతే డబుల్ కట్టాల్సి వచ్చేది. 2025 నవంబర్ 15 నుంచి దీన్ని కొంచెం మార్చారు. మామూలు టోల్ రూ.100 అనుకుంటే:

- పనిచేసే ట్యాగ్ ఉంటే: రూ.100
- లేకుండా యూపీఐతో కడితే: రూ.125
- లేకుండా క్యాష్ ఇస్తే (2025 నవంబర్ నాటి రూల్ ప్రకారం): రూ.200

కాబట్టి గేట్ దగ్గర ఇరుక్కుంటే జేబులో చెయ్యి పెట్టకండి, ఫోన్ తీయండి.

నా కారు ట్యాగ్ వాడొచ్చా?

కుదరదు. ఒక ట్యాగ్ ఒక బండికే. పీకి చేత్తో పట్టుకుని చూపించే ట్యాగ్‌లని బ్లాక్‌లిస్ట్ చేస్తామని ఎన్‌హెచ్‌ఏఐ 2025 జులైలోనే చెప్పింది. అలా చేస్తే ఉన్న మీ ట్యాగ్ కూడా పోతుంది. 2025 ఆగస్టు 15న రూ.3,000తో మొదలైన యాన్యువల్ పాస్ కూడా సొంత, నాన్ కమర్షియల్ బండ్లకే. నల్ల నంబర్ ప్లేట్ మీద పసుపు అక్షరాలున్న రెంటల్ కార్లకి అది వర్తించదు.

కారు తీసుకునేటప్పుడే ఇవి చేయండి

1. టోల్ ఎవరు కట్టాలి, ట్యాగ్‌లో ఇప్పుడు ఎంత ఉంది అని అడగండి. జవాబు నోటి మాటగా వద్దు, వాట్సాప్‌లో తీసుకోండి.
2. యూపీఐ యాప్‌లో ఫాస్టాగ్ రీచార్జ్ ఓపెన్ చేసి, ట్యాగ్ ఇచ్చిన బ్యాంక్, కారు నంబర్ కొట్టండి. చాలా బ్యాంకులకి బ్యాలెన్స్ అక్కడే కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్ తీసుకోండి.
3. రూట్‌లో ఉన్న టోల్స్ రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో చూసుకుని, ఆ మేరకే రీచార్జ్ చేయండి. మిగిలిన డబ్బు మీకు రాదు, ఓనర్ ఖాతాలోనే ఉండిపోతుంది.
4. కారు తిరిగిచ్చేటప్పుడు మళ్లీ బ్యాలెన్స్ స్క్రీన్‌షాట్ తీయండి. టోల్స్ కట్ చేశామంటే ట్యాగ్ స్టేట్‌మెంట్ అడగండి.

స్టేట్‌మెంట్‌లో గేట్ పేరు, టైమ్ మీ ట్రిప్‌తో కలుస్తున్నాయో లేదో చూడండి. 24 గంటల్లోపు అదే గేట్ తిరిగి దాటితే రెండు వైపులా కలిపి సింగిల్ టోల్‌కి ఒకటిన్నర రెట్లే పడాలి. ట్యాగ్‌లో బ్యాలెన్స్ ఉండి, గేట్ దగ్గర మెషీన్ పాడై చదవకపోతే మీరు ఏమీ కట్టక్కర్లేదు, ఫ్రీగా వదలాలని రూల్ ఉంది. అక్కడ ఇబ్బంది పెడితే 1033కి కాల్ చేయండి.

నా విషయానికొస్తే, రీచార్జ్ స్క్రీన్‌షాట్లు ఉన్నాయి కాబట్టి మూడు రోజులు వెంటపడ్డాక డబ్బు వెనక్కి వచ్చింది. వేంపాడులో ఎక్స్‌ట్రాగా కట్టింది మాత్రం పోయినట్టే. బయల్దేరే ముందు రెండు నిమిషాలు బ్యాలెన్స్ చూసుకుని ఉంటే అదీ మిగిలేది. మీరు మాత్రం తాళం చేతికి తీసుకునే ముందే చూసుకోండి.