కోనేటి మెట్ల వరకూ చట్ట రక్షణ
హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న వారిపై వివక్ష నిషిద్ధం

నంద్యాల జిల్లాలోని మహానంది పుణ్యక్షేత్రంలో కోనేటి స్నానమాచరించి స్వామివారిని దర్శించుకోవడం భక్తుల ఆనవాయితీ. ఆ నీట దిగేవారిని హెచ్.ఐ.వి. ఉన్నదన్న కారణంగా అడ్డగించే హక్కు ఎవరికీ లేదు. కలిసి స్నానం చేసినా, ఒకే పంక్తిలో భుజించినా, ఒకే గదిలో నిద్రించినా హెచ్.ఐ.వి. సోకదు. అయినప్పటికీ ఈ వైరస్‌తో జీవిస్తున్న వారిని దూరం పెట్టే ధోరణి సమాజంలో పూర్తిగా తొలగిపోలేదు.

ఈ దురాచారాన్ని అరికట్టేందుకు పార్లమెంటు హెచ్.ఐ.వి., ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం, 2017ను ఆమోదించింది. ఇది 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చింది. ఉద్యోగం, విద్య, వైద్యం, అద్దె ఇల్లు మొదలైన విషయాలలో వివక్షను ఇందలి 3వ సెక్షన్ నిషేధిస్తున్నది. దుకాణాలు, హోటళ్లతో పాటు బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రహదారులు, శ్మశానాలను సైతం ఈ సెక్షన్ పేర్కొనడం గమనార్హం. బాధితులకే గాక వారితో కలిసి నివసించే వారికీ, గతంలో నివసించిన వారికీ ఈ రక్షణ వర్తిస్తుంది.

ఈ చట్టం రావడానికి దశాబ్దం ముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కేవలం హెచ్.ఐ.వి. ఉన్నదన్న కారణంగా పోలీసు నియామకంలో ఒక అభ్యర్థికి ఉద్యోగం నిరాకరించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది.

వంద మంది, అంతకు మించి ఉన్న సంస్థలలోనూ, ఇరవై మంది, అంతకు మించి ఉన్న వైద్య సంస్థలలోనూ ఫిర్యాదుల అధికారిని నియమించాలి. చిన్న సత్రాలు, లాడ్జీలు ఈ పరిధిలోకి రాకపోయినా వివక్షా నిషేధం వాటికీ వర్తిస్తుంది. అక్కడ గది నిరాకరించినట్లయితే రాష్ట్ర ప్రభుత్వం నియమించే అంబుడ్స్‌మన్‌కు ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చును. ఆయన 30 రోజులలో ఉత్తర్వు జారీ చేయాలి. అత్యవసర వైద్యం విషయంలో వీలైనంత వరకు 24 గంటలలోనే జారీ చేయాలి. ఉత్తర్వును పాటించని వారికి రూ.10 వేల వరకు, ఉల్లంఘన కొనసాగితే ఆపై రోజుకు రూ.5 వేల వరకు జరిమానా ఉంటుంది.

పాత్రికేయులు 4వ సెక్షన్‌ను ప్రత్యేకించి గమనించవలసి ఉన్నది. హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న వారిపై ద్వేషాన్ని ప్రేరేపించే ప్రచురణకు మూడు నెలల నుండి రెండేళ్ల వరకు జైలు లేదా రూ.లక్ష వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చును. వివక్షను వెలుగులోకి తెచ్చే వార్తలోనూ బాధితుని పేరు, ఊరు, ఆనవాళ్లు బయటపడితే మరో వివక్షకు అదే కారణం కాగలదు.

రోగం ఉన్నదన్న సమాచారం రహస్యంగాను, దానిపై రక్షణ ఉన్నదన్న సమాచారం బహిరంగంగాను ఉండాలన్నదే చట్టం ఆశయం. ఉచిత సలహాలకు 1097 నంబరును సంప్రదించవచ్చును.