నేర్పే ఉస్తాదులు కావాలి

ఇల్లు మొదలుపెట్టిన ప్రతివారూ మంచి తాపీ మేస్త్రీ దొరకడం లేదంటున్నారు. ఆ మేస్త్రీలను తయారుచేసే వారెందరున్నారని మాత్రం మనం అడగడం లేదు.

పని నేర్పినవాణ్ని మన ఇళ్లలో ఉస్తాద్ అంటాం. గోడ నిటారుగా లేపడం, రసమట్టం చూడడం, ఇనుప చువ్వలు వంచడం మన పెద్దలు ఉస్తాద్ పక్కన నిలబడే నేర్చుకున్నారు. అయితే చెయ్యి తిరిగినంత మాత్రాన చాలదు, కారణమూ తెలియాలి. సులువుగా కలుస్తుందని కాంక్రీటులో నీళ్లు ఎక్కువ పోస్తే బలం తగ్గుతుంది. మామూలు సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటయితే 10 రోజులు తడపాలన్నది మన దేశ ప్రమాణం. ఇది చెప్పేవారు లేకపోతే తప్పు పనే తరువాతి తరానికి అందుతుంది.

మరి బోధకులు ఎందుకు కరువయ్యారు? పని బాగా వచ్చినవాడికి సైటు మీదో గల్ఫ్‌లోనో రాబడి ఎక్కువైతే పాఠం చెప్పడానికి రాడు. వచ్చినా ఐ.టి.ఐ.లో బోధకుడి ఉద్యోగానికి సర్టిఫికెట్ కావాలి. డిప్లొమా ఉన్నవారిలో కొందరికి తాపీ పట్టిన అనుభవం ఉండదు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద, ముందే వచ్చిన పనిని పరీక్షించి పత్రం ఇస్తున్నారు. ఆ పత్రం పని వచ్చునని చెబుతుందే గాని, నేర్పగలడని చెప్పదు.

దారులు లేకపోలేదు. ఐ.టి.ఐ. చదివినవారికి బోధకులయ్యేందుకు ఏడాది శిక్షణ ఉంది. హైదరాబాద్ విద్యానగర్‌లో ఇందుకు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1998లో హైదరాబాద్‌లోనే ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ యువకులకు నిర్మాణ పనులు నేర్పుతోంది.

వీటికి తోడు మరొకటి జరగాలని మేము కోరుతున్నాం. గల్ఫ్ నుంచి తిరిగివచ్చి, వయసు మీదపడి పరంజా ఎక్కలేని మేస్త్రీలు మన బస్తీల్లోనే ఉన్నారు. వారిని గౌరవ వేతనంతో శిక్షణాలయాలకు పిలవాలి. ప్లాను చదవడం, కొలతలు, భద్రత చదువుకున్న బోధకుడు చెబితే, చేతిపని ఉస్తాద్ చూపిస్తాడు.

పదో తరగతి అయిన కొడుకును ఐ.టి.ఐ.లో చేర్పించే తల్లిదండ్రులు ఫీజు ఎంతని అడిగి ఊరుకోరాదు. నేర్పేది ఎవరు, రోజుకు ఎన్ని గంటలు చేత పని చేయిస్తారు అని కూడా అడగాలి. పదిమంది అడిగితే జవాబు చెప్పక తప్పదు.