తుంగభద్ర డ్యాముకు ఏడు పదులు: 'ప్రమాద తరగతి' అంటే ఏమిటి?

కర్నూలు జిల్లాకు సాగునీరు, తాగునీరు అందిస్తున్న తుంగభద్ర డ్యాము వయసు డెబ్బై ఏళ్లు దాటింది. 1953లో పూర్తయిన ఈ డ్యాము కర్ణాటకలోని హోస్పేట వద్ద ఉంది. డ్యాము వద్ద, హంపి వద్ద జల విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. డ్యాము పొరుగు రాష్ట్రంలో ఉన్నా దాని మంచిచెడ్డలు దిగువన నది ఒడ్డున ఉన్న కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల ప్రజలకు సంబంధించినవే.

ఈ సంగతి 2024 ఆగస్టు 10 రాత్రి అందరికీ తెలిసివచ్చింది. మొత్తం 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. అప్పుడు జలాశయం నిండుగా ఉంది. మిగతా గేట్లు కూడా ఎత్తి నీరు దిగువకు వదలవలసి వచ్చింది. నది ఒడ్డు గ్రామాలను అధికారులు హెచ్చరించారు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో పారుతున్న నీటిలోనే ఇనుప పలకలు దించి, ఆగస్టు 17 నాటికి ప్రవాహాన్ని అరికట్టారు. పూర్తి నిల్వ సుమారు 105 టీఎంసీలు కాగా, 2025లో ముందుజాగ్రత్తగా దానిని 80 టీఎంసీలకు పరిమితం చేశారు.

డ్యాముల ప్రమాద తీవ్రతను నాలుగు తరగతులుగా విభజిస్తూ కేంద్ర జల సంఘం 2020లో మార్గదర్శకాలు వెలువరించింది. మొదటి తరగతి తక్కువ ప్రమాదం, నాలుగోది అత్యధిక ప్రమాదం. పై తరగతిలో ఉందంటే డ్యాము బీటలు వారిందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. డ్యాము తెగితే దిగువన ఎందరి ప్రాణాలకు, ఎంత ఆస్తికి ముప్పు అన్నదే ఈ తరగతికి ఆధారం. డ్యాము గట్టిదా కాదా అన్నది వానాకాలానికి ముందు, తరువాత జరిగే తనిఖీల్లో తేలవలసిన సంగతి.

ఖాళీ స్థలం పక్కన పాత గోడ కూలితే రాళ్లు ఏరుకుంటే సరిపోతుంది. అదే గోడ పక్కన మంచాలు వేసుకుని పడుకుంటే సంగతి వేరు. గోడ అదే, ప్రమాదం మారింది. నది ఒడ్డున కొత్త ఇళ్లు, బడులు, ఆసుపత్రులు వెలిసేకొద్దీ డ్యాములో మార్పు లేకపోయినా దాని తరగతి పెరగవచ్చు.

2021 డిసెంబరు 30న అమలులోకి వచ్చిన డ్యాముల భద్రతా చట్టం ప్రకారం పెద్ద డ్యాములన్నింటికీ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలి. దీనికి అయిదేళ్ల గడువు ఇచ్చారు. ప్రమాదం జరిగితే నీరు ఏ ఊళ్ల మీదికి వస్తుందో, ఎవరు ఎవరికి కబురు అందించాలో అందులో చెప్పాలి.

2009 అక్టోబరు వరదలో డ్యాము తెగకుండానే మంత్రాలయం, కర్నూలు నీట మునిగాయి. అర్ధరాత్రి నీరు వస్తే దండోరా ఎవరు వేయాలి, పశువులను, ముసలివారిని ఏ మెట్టకు చేర్చాలి అన్నది ఒడ్డు గ్రామాలకు ముందే తెలిసి ఉండాలి. ప్రణాళికలో తమ ఊరి పేరు ఉందో లేదో గ్రామ సభల్లో ప్రజలు అడగాలి. ప్రతి పంచాయతీ కార్యాలయంలో ఆ వివరాలు తెలుగులో అతికించేందుకు అధికారులు చర్యలు తీసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.