బరువు తగ్గడం ఆలస్యమైతే నడక మానవలసిందేనా?

తిరువళ్లూరు, తిరుత్తణి పట్టణాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో వేకువనే రైలెక్కి పనికి వెళ్లేవారు, రోజంతా కూర్చొని పనిచేసేవారు అనేకులు. వారిలో కొందరు ఆరోగ్యాన్ని తలచి అన్నం తగ్గించి, కూరలు పెంచి, ఉదయమో సాయంత్రమో నడక మొదలుపెడతారు. మొదటి రెండు వారాలలో ఒకటి రెండు కిలోలు తగ్గుతారు, ఉత్సాహం కలుగుతుంది. ఆ తరువాత నెల గడిచినా తూకపు యంత్రం మీది అంకె కదలదు. ఇంత శ్రమకు ఫలితమేమిటన్న నిరాశతో మూడవ నెలలో నడక ఆగిపోతుంది.

అసలు నష్టం జరిగేది అక్కడే. అంకె కదలకపోవడానికి కారణాలున్నాయి. అంకె కదలకపోయినా శరీరానికి చేకూరే మేలు ఉన్నది. ఈ రెండింటినీ తెలుసుకున్నవారు మధ్యలో మానివేయరు.

తొలి వారాలలో తగ్గేది ఏమిటి?

మన శరీరం పిండిపదార్థాలలో కొంత భాగాన్ని గ్లైకోజెన్ రూపంలో కాలేయంలోను, కండరాలలోను నిల్వ చేసుకుంటుంది. ఈ నిల్వ సుమారు అర కిలో ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, చక్కెర తగ్గించగానే ముందుగా ఖర్చయ్యేది ఈ నిల్వే. దానితో పాటు నీరు కూడా వెళ్లిపోతుంది. కనుక తొలి వారాలలో కనబడే వేగం చాలావరకు నీటిదే. కొవ్వు కరిగే వేగం వేరు.

ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కెలోరీల శక్తి ఉంటుంది. రోజుకు 250 కెలోరీలు తగ్గించుకోగలిగితే ఒక కిలో కరగడానికి దాదాపు నెల రోజులు పడుతుంది. అంటే రోజుకు 33 గ్రాములు మాత్రమే. అదే సమయంలో శరీరంలోని నీటి వలన బరువు ఒకటి రెండు రోజులలోనే కిలో వరకు పెరగవచ్చు, తగ్గవచ్చు. ఆవకాయ, అప్పడాలతో విందుభోజనం చేసిన మరునాడు బరువు పెరిగితే అది కొవ్వు కాదు. ఉప్పు పట్టి ఉంచిన నీరు. స్త్రీలలో నెలసరికి ముందు కూడా ఇట్లే నీరు నిలుస్తుంది. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినప్పుడు కండరాలు కోలుకొనే క్రమంలో కొంత నీరు చేరుతుంది. నెల రోజుల శ్రమఫలాన్ని రెండు రోజుల నీరు కప్పివేయగలదని దీనినిబట్టి గ్రహించవచ్చు.

లెక్కకు రాని ఆహారం

అరగంట వేగంగా నడిస్తే సాధారణంగా 120 నుండి 150 కెలోరీలు ఖర్చవుతాయి. ఒక పెద్ద చెంచా, అనగా 15 మిల్లీలీటర్ల నూనెలో సుమారు 120 కెలోరీలున్నాయి. నడక ముగించి వస్తూ హోటలులో రెండు వడలు, చక్కెర వేసిన కాఫీ తీసుకుంటే ఖర్చు చేసినదంతా తిరిగి వచ్చినట్లే.

ఇంటి నూనెను లెక్కించడం సులభం. నలుగురున్న ఇంటిలో నెలకు 3 లీటర్ల నూనె వాడితే ఒక్కొక్కరికి రోజుకు 25 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 200 కెలోరీలు. బయట తినే చిరుతిండ్లలోని నూనె ఇందులో చేరలేదు. ఉప్పు విషయంలో, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు రోజుకు 5 గ్రాములు మించవద్దని సూచిస్తున్నాయి. పచ్చళ్లు, అప్పడాలు, వడియాలలోని ఉప్పును కూడా ఈ లెక్కలోనే చేర్చుకోవాలి.

మరొక కారణం కూడా ఉన్నది. బరువు తగ్గినకొద్దీ శరీరానికి కావలసిన శక్తి తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. ఇది శరీర స్వభావమే గాని మనోబలం లేకపోవడం కాదు. పప్పులు, గుడ్లు, పెరుగు వంటి మాంసకృత్తులున్న ఆహారం ఆకలిని కొంత అదుపులో ఉంచుతుంది, కండరాలను కాపాడుతుంది.

చెన్నైలో తేలిన విషయం

ఈ సందర్భంలో మనకు సమీపంలోనే జరిగిన ఒక పరిశోధన గమనింపదగినది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ నాయకత్వంలో జరిగిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2006లో వెలువడినాయి. మధుమేహం ఇంకా రాకపోయినా రక్తంలో చక్కెర సాధారణ స్థాయిని మించిన 531 మంది ఇందులో పాల్గొన్నారు. వారిలో ఒక వర్గానికి చక్కెర, కొవ్వు, పాలిష్ చేసిన ధాన్యాలు తగ్గించి పీచు పెంచమని, రోజుకు కనీసం అరగంట వేగంగా నడవమని సూచించారు. మూడేళ్లకు, ఈ ప్రత్యేక సూచనలు అందని వర్గంలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. ఆహారం, నడక మార్చుకున్న వర్గంలో నూటికి 39 మందికే వచ్చింది. విశేషమేమంటే, ఈ వర్గంవారి బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు.

నడిచే కండరాలు రక్తంలోని చక్కెరను సులభంగా స్వీకరిస్తాయి. ఈ మేలును తూకపు యంత్రం చూపలేదు. అయితే బరువు తగ్గనక్కరలేదని దీని అర్థం కాదు. 80 కిలోలున్నవారు నెమ్మదిగా 4 కిలోలు తగ్గినా రక్తపోటు, చక్కెర మెరుగుపడే అవకాశం ఉన్నది.

దేనిని కొలవాలి?

వారానికి ఒకసారి, ఒకే రోజున, ఉదయం కాలకృత్యాలు తీరిన తరువాత, ఏమీ తినకముందు, అదే యంత్రం మీద బరువు చూసి వ్రాసుకోండి. ఒక్కొక్క వారపు అంకెను కాక, నాలుగు వారాల సగటును అంతకు ముందరి నాలుగు వారాల సగటుతో పోల్చండి.

నెలకొకసారి నడుము కొలవండి. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైభాగానికి నడుమ, ఊపిరి వదలిన తరువాత టేపు చుట్టాలి. భారతీయ పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండా ఉండడం మంచిది.

తిరుత్తణివాసులకు మరొక కొలమానం సుబ్రహ్మణ్యస్వామి కొండకు గల 365 మెట్లు. మునుపు మూడు చోట్ల ఆగి ఊపిరి పీల్చుకున్నవారు ఇప్పుడు ఒక్క చోటనే ఆగితే అది స్పష్టమైన పురోగతి. గుండెజబ్బు, మోకాలి నొప్పి ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగిన తరువాతనే మెట్లెక్కాలి.

వైద్యుని ఎప్పుడు కలవాలి?

మూడు నెలల సగటులోను, నడుము కొలతలోను మార్పు లేకపోతే, లేదా అలసట, ముఖం ఉబ్బడం, నెలసరి క్రమం తప్పడం వంటివి ఉంటే వైద్యుని సంప్రదించండి. థైరాయిడ్ లోపం, అండాశయ సమస్యలు, స్టెరాయిడ్ వంటి మందులు బరువు తగ్గనీయకపోవచ్చు. కారణం తెలియకుండా బరువు వేగంగా తగ్గినా ఆలస్యం చేయరాదు. మధుమేహానికి మాత్రలు లేదా ఇన్సులిన్ వాడుతున్నవారు తమంతట తాము భోజనం మానితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. త్వరగా బరువు తగ్గిస్తామని అమ్మే పొడులను నమ్మి వైద్యుడిచ్చిన మందులు మానకండి.

రక్తపోటు, చక్కెర పరీక్షలు ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో చేస్తారు. 2021 ఆగస్టు 5న ప్రారంభమైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం క్రింద ఈ వ్యాధులున్నవారికి ఇంటివద్దనే మందులు అందిస్తారు. తమిళం రాదని సంకోచించి పరీక్ష మానుకోవద్దు. బరువును 'ఎడై' అని, నడుము చుట్టుకొలతను 'ఇడుప్పు చుట్రళవు' అని, రక్తపోటును 'రత్త అళుత్తం' అని, చక్కెరను 'సర్కరై' అని అంటారు. ఈ నాలుగు మాటలతో పాటు మీరు వ్రాసుకున్న అంకెల కాగితాన్ని తీసుకువెళ్లండి. వైద్యునికి ఆ అంకెలు ఏ భాషలోనైనా అర్థమవుతాయి.