పొలము అమ్మకపు ప్రకటన: అంతర్జాలమున వ్రాయవలసిన విధము

మన రైతులు పొలమును వేడుకకై అమ్మరు. బిడ్డ పెండ్లియో, చదువో, వైద్యమో, తీరని అప్పో వచ్చినప్పుడే ఆ తలంపు పుట్టును. అవసరము గలవాడు బేరమున మెత్తబడుననుట ఎల్లరెరిగినదే. ఊరిలో కొనగలవారు ఇద్దరు ముగ్గురే యున్నచో వారు చెప్పినదే వెల యగును. కొనువారి సంఖ్య పెరిగిననే గాని అమ్మువానికి బలము కలుగదు. ఆ బలమును కొంతవరకు నేడు చేతిలోని సెల్‌ఫోను ఈయగలదు. ఓఎల్ఎక్స్, నైంటీనైన్ ఏకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్ మొదలగు సైట్లలో యజమాని తన భూమిని గూర్చి తానే ప్రకటించుకొనవచ్చును.

అయినను ప్రకటన వేసినంత మాత్రమున పొలము అమ్ముడుపోదు. యార్డులో వర్తకుడు మచ్చు చూచి గాని ధాన్యమునకు ధర కట్టడు. భూమికి ప్రకటనయే మచ్చు. మచ్చులో తాలు కనబడిన బేరము చెడును; మచ్చు ఒకటి, సరుకు మరియొకటి యైనచో నమ్మకమే చెడును.

కొనువారు వెదకు విధము

ఈ సైట్లలో కొనువారు ప్రాంతము, విస్తీర్ణము, ధర అను మూడింటికి హద్దులు పెట్టి వెదకుదురు. ఆ హద్దులకు వెలుపలనున్న ప్రకటన వారి కంటబడదు. ధర ముందే చెప్పిన నష్టమని కొందరు ధర గడిలో ఒక్క రూపాయి వేయుదురు. ఇది జల్లెడలో తన గింజలను తానే క్రిందికి రాల్చుకొనుట. అడుగదలచిన ధరనే వ్రాయుడు. దానిని నిర్ణయించుటకు ఇతరుల ప్రకటనలు మాత్రమే చాలవు. అవి అడిగిన ధరలే గాని అమ్ముడైన ధరలు కావు. సమీపమున ఇటీవల జరిగిన అమ్మకములను విచారించి, రిజిస్ట్రేషను శాఖవారి మార్కెట్టు విలువను గూడ చూచుకొనుడు.

విస్తీర్ణమును అందరకు తెలియు కొలతలలో చూపుడు. ఎకరమునకు 100 సెంట్లు, లేక 40 గుంటలు, లేక 4,840 చదరపు గజములు. గుంటకు 121 గజములు. పట్టణవాసికి గజములే సుబోధకములు.

రెండు ప్రకటనలు

ఈ క్రింది మాదిరులను పోల్చి చూడుడు.

మొదటిది: «రోడ్డు ప్రక్క బంగారము వంటి పొలము. మంచి అవకాశము. వెంటనే ఫోను చేయుడు.»

రెండవది: «తెనాలికి 9 కిలోమీటర్ల దూరమున మాగాణి, 1 ఎకరము 60 సెంట్లు (7,744 చదరపు గజములు). నల్లరేగడి. కాలువ నీరు. సార్వా వరి, పిదప మినుము. పొలము వరకు 16 అడుగుల డొంక; వేసవిలో కారు పోవును, వానలలో ట్రాక్టరు మాత్రమే పోవును. పాసుపుస్తకము యజమాని పేరనే గలదు. తాకట్టు లేదు.»

మొదటిదానిలో పొగడ్త గలదు, సమాచారము లేదు. రెండవదానిలో డొంక లోపమును గూడ దాచలేదు. దాచినచో కొనువాడు వానలో వచ్చి, బురద చూచి, తక్కిన మాటలను గూడ నమ్మక వెడలిపోవును. ముందే చెప్పినచో ఆ లోపమునకు ఒప్పుకొన్నవాడే వచ్చును. మీ దినమును అతని దినమును వ్యర్థము గావు.

ఫొటోలు ఉదయపు వెలుతురులో తీయుడు. బాట, నీటి వసతి, గట్టు రాళ్లు, పైరు వేర్వేరుగా కనబడవలెను. వేరొకరి పొలము ఫొటో పెట్టరాదు.

ముందు కాగితములు

ప్రకటనకు మునుపే పాసుపుస్తకము, 1-బి, ఈసీ సిద్ధపరచుకొనుడు. ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి, తెలంగాణలో 2025లో వచ్చిన భూభారతి పోర్టళ్లలో మీ సర్వే నంబరు వివరములు సరిగా నున్నవో లేవో చూడుడు. భూమి 22-ఏ నిషేధిత జాబితాలో నున్నచో రిజిస్ట్రేషను జరుగదు. ప్రభుత్వమిచ్చిన ఎసైన్డు భూముల అమ్మకమునకు 1977 నాటి చట్టము, ఏజెన్సీ ప్రాంతపు భూములకు 1/70 నిబంధన అడ్డుగా గలవు. పొలమును ప్లాట్లుగా విభజించి అమ్మదలచినచో లేఅవుటు అనుమతి కావలెను. విస్తీర్ణము 500 చదరపు మీటర్లు మించినచో 2016 నాటి రెరా చట్టము క్రింద నమోదైన పిదపనే ప్రకటింపవలెను.

మీ ప్రకటనను అమెరికాలోని తెలుగువారును చూతురు. కాని విదేశములందు నివసించువారు ఇంటి స్థలము కొనవచ్చునే గాని, రిజర్వు బ్యాంకు అనుమతి లేక వ్యవసాయ భూమిని కొనరాదు. వారితో బేరము మొదలిడుటకు ముందే ఈ మాట అడుగుడు.

మోసగాండ్రు

పొలము చూడకయే ధరకు ఒప్పుకొని, బయానా పంపుదుమని క్యూఆర్ కోడు పంపువారు గలరు. డబ్బు పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ అక్కరలేదు. పిన్ అడిగిన చోట పోవునది మీ డబ్బే. ఓటీపీ ఎవ్వరికిని చెప్పకుడు. పాసుపుస్తకము, ఆధారు ప్రతులను ప్రకటనలో పెట్టకుడు. వచ్చి చూచినవారికి చేతిలో చూపిన చాలును. బయానా 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని యైనచో నగదుగా పుచ్చుకొనుట ఆదాయపు పన్ను చట్టమునకు విరుద్ధము. బ్యాంకు ద్వారానే తీసికొనుడు. మోసపోయినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయుడు.

క్రొత్త ప్రకటనలు వచ్చిన కొలది పాతవి అడుగునకు పోవును. కావున గడువు చూచుకొని మరల వేయుచుండుడు. ఫోను చేసినవారి పేరు, వారు చెప్పిన ధర ఒక పుస్తకములో వ్రాసియుంచుడు. పది మంది చెప్పిన ధరలు ఒకచోట కనబడినప్పుడు మీ పొలము వెల మీకే తెలియును; అప్పుడు ఊరిలోని బేరగానికి గూడ ధైర్యముగా జవాబు చెప్పగలరు. అమ్మకము ముగిసిన నాడే ప్రకటనను తొలగింపుడు.