చక్రాల ఇంటికి చెమ్మ పడితే

తలుపు తీయగానే మా మనవరాలు సోఫా మీదికి ఎగిరి కూర్చుంది. మా అమ్మాయి వంటగట్టు చూసింది. అల్లుడు గారు టీవీ ఎక్కడ పెట్టుకోవచ్చా అని చూశారు. నేను కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాను.

"ఏం చేస్తున్నావు తాతయ్యా?"

"వాసన చూస్తున్నానమ్మా. పాత కారవాన్ కొనేటప్పుడు ముందు పని చెయ్యాల్సింది ముక్కు. రెండు నిమిషాలు లోపల కూర్చుంటే ముక్కు అలవాటు పడిపోతుంది. అందుకే తలుపు తీసిన మొదటి ఊపిరిలోనే పట్టుకోవాలి."

ముసురు రోజుల్లో ముక్కిన బియ్యం బస్తా మూతి విప్పితే ఒక వాసన వస్తుంది, గుర్తుందా? అదే వాసన ఇక్కడా వస్తుంది. బూజు బతుకుతూ గాల్లోకి వదిలే ఆవిరుల వాసన అది. కంటికి మరక కనపడకముందే ముక్కుకి తెలిసిపోతుంది. లోపల సెంటు వాసన ఘాటుగా కొడుతుంటే నేను ఇంకా జాగ్రత్త పడతాను.

ఇదంతా ఇంగ్లండులో, హల్ ఊరి దగ్గర. అమ్మాయి అక్కడ డాక్టరు. కారవాన్ అంటే మనవాళ్లకు షూటింగుల్లో హీరోలు కూర్చునే ఏసీ బస్సు గుర్తొస్తుంది. అక్కడివాళ్లు కారవాన్ అనేది వేరు. దానికి ఇంజను ఉండదు, కారు వెనక తగిలించి లాక్కెళతారు. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే రిటైరైన నౌకాదళ డాక్టరు, బ్రిస్టల్‌లో బళ్లు చేసే కంపెనీ చేత 'వాండరర్' అనే గుర్రపు బండి ఇల్లు చేయించుకుని దేశం తిరిగాడు. ఊరికే సరదాగా తిరగడానికే కట్టించుకున్న మొదటి కారవాన్ అదేనంటారు. 1907లో వీటికి క్లబ్బే పుట్టింది. హల్ చుట్టుపక్కల ఇప్పటికీ స్విఫ్ట్, కోచ్‌మన్ లాంటి కారవాన్ కంపెనీలున్నాయి.

దాని గోడ ఎలా ఉంటుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. బయట పలచని అల్యూమినియం రేకు, మధ్యలో థర్మాకోల్, దాని నడుమ సన్నని కర్ర పట్టీలు, లోపల రంగుకాగితం అతికించిన ప్లైవుడ్. అన్నీ కలిపి అతికించిన పూతరేకు అనుకోండి. పూతరేకుకి తడి తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదుగా!

వాన రేకులోంచి దిగదు. అతుకుల్లోంచి దిగుతుంది. మూలలు, కిటికీ అంచులు, కప్పులోని గాజు మూత, వెనక దీపాలు, పట్టుకునే పిడి తాలూకు మర చిల్లులు, పక్కన గుడారం తగిలించే పట్టీ, ఇవన్నీ దానికి దారులే. వీటి కింద మాస్టిక్ అని మెత్తని లప్పం పెడతారు. ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండి గట్టిపడుతుంది. బండి రోడ్డు మీద ఊగుతుంటే వెంట్రుకంత బీట పడుతుంది. ఆ బీట చాలు. దీపం వత్తి నూనెను పైకి లాక్కున్నట్టు, ఇరుకు సందు నీటిని తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. శీతకాలంలో ఆ నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బి బీటను ఇంకాస్త తెరుస్తుంది.

ఇంగ్లండు వాన మన తుపాను లాంటిది కాదు. సన్నని జల్లు, కానీ రోజుల తరబడి. లోపలికి వెళ్లిన నీటికి బయటికొచ్చే దారి లేదు, ఒకవైపు రేకు, ఇంకోవైపు రంగుకాగితం. తడి తువ్వాలు తీగ మీద ఆరేస్తే గంటలో ఆరుతుంది. అదే తువ్వాలు మడిచి ట్రంకుపెట్టెలో పెట్టి మూత వేస్తే? కారవాన్ గోడకి జరిగేది సరిగ్గా అదే.

కర్రను తినేది నీరు కాదు, శిలీంధ్రం. దానికి తిండి కర్ర, తాగడానికి నీళ్లు కావాలి. కర్రలో తేమ 20 శాతం లోపుంటే దానికి దాహం తీరదు, పెరగలేదు. ఈజిప్టులో 1922లో బయటపడిన టుటంఖమున్ రాజు సమాధిలో ఆరు కర్ర రథాలు దొరికాయి. వాటి వయసు 3,300 ఏళ్లు! పొడిగా ఉంది కాబట్టి ఆ కర్ర మిగిలింది. అంత కాలం నిలిచే కర్ర, తడిసిన గోడలో ఇరుక్కుంటే కొన్నేళ్లకే పిండిపిండి అవుతుంది. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా ఆశ్చర్యమే.

ఆ తేమను కొలవడానికి చేతిలో ఇమిడే మీటరు దొరుకుతుంది. రెండు సూదులుంటాయి. గోడకు ఆనిస్తే వాటి మధ్య సన్నగా కరెంటు పంపి ఎంత అడ్డుకుంటోందో చూస్తుంది. ఎండిన కర్ర కరెంటును దాదాపు పోనివ్వదు. తడిసిన కొద్దీ ఆ అడ్డు లక్షల రెట్లు పడిపోతుంది. 15 లోపు చూపిస్తే నిశ్చింత. 20 దాటితే ఎక్కడో నీరు దిగుతోందని అర్థం. 30 దగ్గరకొస్తే లోపలి కర్ర పుచ్చుతూ ఉండొచ్చు. అయితే ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకూడదు. గోడ పొడుగునా నాలుగుచోట్ల పెట్టి, ఎక్కడ ఒక్కసారిగా ఎగబాకుతుందో చూడాలి. సూదులు చిన్న గుంటలు చేస్తాయి కనుక యజమానిని అడిగి, అలమరాల లోపలి మూలల్లో పెట్టాలి.

మేం చూసినవి రెండు. మొదటిది ఎనిమిదేళ్లది, కొత్త పెళ్లికూతురిలా ఉంది. ముందు కిటికీ కింద మాత్రం ఒక్కచోటే కొత్త చెక్క పలక అతికించి ఉంది. ఒక్క మూలకే ఎందుకంత ముస్తాబు? బొటనవేలితో పక్కన నొక్కాను, అరిటిపండులా దిగింది. మీటరు 27. తలుపు దగ్గర నేల మీద మడమతో తొక్కితే మెత్తగా కుంగింది. నేల కూడా ప్లైవుడ్, థర్మాకోల్ పొరలే. జనం ఎక్కువగా నిలబడే తలుపు దగ్గరా, సింకు ముందరా ఆ పొరలు విడిపోతుంటాయి. బయట రేకు మీద చెమటకాయల్లాంటి బుడిపెలు. రేకు వెనక తడి చేరితే లోపలినుంచి తుప్పు ఇలా పొక్కుతుంది. "బాగుందే మావయ్యగారూ" అని అల్లుడు గారు ఇంకా అంటూనే ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. చెమ్మ బాగు చేయించడమంటే గోడ విప్పడం. ఒక్కోసారి బండి ఖరీదుకి మించిపోతుంది.

రెండోది పద్నాలుగేళ్లది. తెరలు వెలిసిపోయాయి, సోఫా మాసింది. కానీ ఏ మూల చూసినా 11, 12, 13. తట్టి చూస్తే మంచి కుండలా ఒకే చప్పుడు. దాని యజమాని ముసలాయన ఏటేటా సర్వీసు చేయించి, చెమ్మ పరీక్ష కాగితాలన్నీ ఫైలులో పెట్టుకున్నాడు. తెరలు మార్చుకోవచ్చు, గోడ మార్చుకోలేం. 2010 తర్వాత బెయిలీ, స్విఫ్ట్ లాంటి కంపెనీలు గోడల్లో కర్ర మానేస్తూ వచ్చాయి. మంచి మార్పే. అయినా అతుకులు అతుకులే, మీటరు అక్కడా పెట్టాల్సిందే.

ఇంకో మూడు మాటలు. 1992 నుంచి అక్కడి కారవాన్లకు 17 అక్షరాల గుర్తింపు నంబరుంటుంది. కిటికీ అద్దాల మీదా, కింద ఛాసిస్ మీదా ఒకటే ఉందో లేదో సరిచూడాలి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 3219 అంటే 2019లో 32వ వారం చేసినది. అరగకపోయినా ఐదేళ్లకు మార్చడం మంచిది, ఏడేళ్లు దాటనివ్వకూడదు. కొత్తగా లాగేవాళ్లు కారు బరువులో 85 శాతానికి మించిన కారవాన్ తగిలించకూడదంటారు.

రెండోదే కొన్నాం. మరి బయటి నీరు ఆపితే చెమ్మ ఆగుతుందా? ఆగదు. సగం నీళ్లు మనమే తెస్తాం. మనిషి రాత్రంతా నిద్రలో ఊపిరి, చెమట కలిపి ఓ గ్లాసు నీళ్లు గాల్లోకి వదులుతాడు. నలుగురికి నాలుగు గ్లాసులు. కారవాన్ లోపలి గది ఓ 20 ఘనమీటర్లుంటుంది. 20 డిగ్రీల వేడిలో ఘనమీటరు గాలి 17 గ్రాములకు మించి ఆవిరిని మోయలేదు. అంటే మొత్తం 340 గ్రాములు, రెండు గ్లాసులైనా కాదు! తెల్లవారుజామున 5 డిగ్రీలకు చల్లబడితే అందులో సగం కూడా పట్టదు. మిగతాది ఎక్కడికి పోతుంది? అద్దానికి, అలమరా వెనక చల్లని గోడకి అంటుకుంటుంది. పైగా గ్యాసు పొయ్యి. కిలో గ్యాసు మండితే కిలోన్నరకు పైగా నీరు పుడుతుంది. గ్యాసులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే వచ్చేది నీరే కదా. పైన సాంబారు మూత లేకుండా మరిగిస్తే ఆ ఆవిరి అదనం.

కప్పులోని గాలిదారీ, నేలలోని చిల్లులూ అందుకే ఎప్పుడూ తెరిచి ఉండాలి. గ్యాసు గాలికంటే బరువు, లీకైతే కిందికి జారి ఆ నేల చిల్లుల్లోంచే బయటికి పోవాలి. చలి వేస్తోందని గుడ్డలు కుక్కితే చెమ్మతో పాటు ప్రాణానికే ప్రమాదం. శీతకాలం బండిని పక్కన పెట్టినప్పుడు పరుపులు గోడకు ఆనకుండా నిలబెట్టి, అలమరాలు తెరిచి, గొట్టాల్లో నీళ్లు ఖాళీ చెయ్యాలి.

మొదటి ప్రయాణం విట్బీ సముద్రతీరానికి. మొదటి రాత్రి మనవరాలు చలికి కప్పు గాలిదారికి తన స్వెట్టరు అడ్డం పెట్టిందట. పొద్దున్నే కిటికీలన్నీ ధారలు. కోప్పడలేదు. పొడి గుడ్డ తూచమన్నాను, 60 గ్రాములు. అద్దాలన్నీ తుడిచి మళ్లీ తూచింది, 210. రెండో రాత్రి స్వెట్టరు తీసేసి పడుకున్నాం. పొద్దున గుడ్డ 95 తూగింది.

తడిగుడ్డ తూకంలో ఉండగానే అడిగింది: "తాతయ్యా, ఇందులో నా ఊపిరి ఎంత?"

కాగితం, పెన్సిలు తెమ్మన్నాను.